బొత్తాం ఎన్నాళ్ళు బతికింది

కుందేళ్ళాయన ఇంట్లో కుందేళ్ళు లేవు, ఏనాడూ లేవు. అయినా ఆ వీధిలో ఆయనకు ఆ పేరు స్థిరపడిపోయింది. పెట్టింది ఎవరో కాదు, కన్న కూతురే. ఆరేళ్ళ వయసులో, "మా నాన్న కుందేళ్ళని పెంచుతాడు" అని బడిలో చెప్పింది, కిరాణా కొట్టులో చెప్పింది, మేడ మెట్ల మీద ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది. పిల్ల అబద్ధం ఆడలేదు. ఆయన నిజంగానే రోజూ నూటయాభై కుందేళ్ళకు మేత వేసి, నీళ్ళు పట్టి, బోనులు కడిగి ఇంటికొచ్చేవాడు. ఎందుకు పెంచుతారో ఆ పిల్ల అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆయన పనిచేసింది ఒక ల్యాబులో. కిటికీలు ఎప్పుడూ తెరవని పొడవాటి తెల్ల భవనం. సబ్బులూ షాంపూలూ క్రీములూ తయారుచేసే కంపెనీలు తమ సరుకును ముందు అక్కడికి పంపేవి. కుందేలును తల మాత్రం బయటికి వచ్చేట్టు చెక్కపెట్టెలో బిగించి, ఒక కంట్లో చుక్క వేసేవారు. రెండో కంటిని పోల్చి చూసుకోవడానికి వదిలేసేవారు. చుక్క వేసేది డాక్టరు, రాసుకునేదీ డాక్టరే. పట్టుకునేది మాత్రం ఈయన. ఇరవై ఆరేళ్ళు పట్టుకున్నాడు. కుందేలు అరవదు. బహుశా అందుకే అన్నేళ్ళు చేయగలిగానని ల్యాబు మూతపడ్డాక ఒకరోజు బట్టలు ఆరేస్తూ అనుకున్నాడు. అనుకుని, ఆ తడి చొక్కాను అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు.

భార్య పోయేటప్పటికి పిల్లకు నాలుగేళ్ళు. తలంటు పోయడం అనే మహా యుద్ధం ఆయన నెత్తిన పడింది. నీళ్ళ చెంబు చూస్తేనే ఆ పిల్ల ఇల్లు పీకి పందిరేసేది. కళ్ళు మండుతాయని గోల. కళ్ళు ఎందుకు మండుతాయో, ఎంతసేపు మండుతాయో ఆయనకు తెలిసినంతగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. అందుకని నుదుటి మీద అరచేయి అడ్డం పెట్టి, పిల్ల ధ్యాస మళ్ళించడానికి కుందేళ్ళ కబుర్లు మొదలుపెట్టాడు. ఒకసారి, కొత్తగా వచ్చిన కుందేలు ముక్కు చొక్కా గుండీలా ఉందని చెప్తే, "అయితే దాని పేరు బొత్తాం" అంది పిల్ల. అక్కణ్ణుంచి తలంటు రోజున బొత్తాం కబురు ఉండి తీరాల్సిందే. బొత్తాం క్యారెట్టు ముక్క పక్కకు నెట్టేసిందనీ, బోను తలుపు మూతితో తోసిందనీ, తుమ్మిందనీ ఆయన చెప్పుకొచ్చాడు. అలా ఎనిమిదేళ్ళు చెప్పాడు.

పిల్ల పెరిగి, పై చదువుకు వెళ్ళి, ఇరవై రెండో ఏట ఒక వీడియో చూసింది. ల్యాబులోంచి ఎవరో దొంగచాటుగా తీసి బయటపెట్టిన వీడియో. అందులో మనిషి మొహం లేదు, రెండు చేతులే ఉన్నాయి. ఎడమచేతి చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే ఆ పిల్ల రోడ్డు దాటేది.

ఆ సాయంత్రమే ఇంటికొచ్చి ఫోను ఆయన ముందు పెట్టింది. "ఇది నీ చెయ్యేనా?" అంది. ఆయన నీళ్ళు నమిలాడు. ఉద్యోగం అన్నాడు, ఎవరో ఒకరు చేయాలి కదా అన్నాడు, మందులు కూడా ఇలాగే వస్తాయమ్మా అన్నాడు. పిల్ల బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత పెళ్ళి కబురూ, పాప పుట్టిన కబురూ ఆయనకు అల్లుడి ఫోన్ల ద్వారానే తెలిశాయి. అల్లుడు మంచివాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ తప్పు తనే చేసినట్టు మాట్లాడేవాడు.

మనవరాలు పుట్టిందని తెలిసిన రోజు ఆయన కాలు ఒకచోట నిలవలేదు. బజారుకు వెళ్ళి మూడు వస్తువులు కొన్నాడు. ఒక సబ్బు, పసిపిల్లల ఒంటికి రాసే నూనె ఒకటి, ఒక షాంపూ సీసా. షాంపూ ఒక్కటీ ఎవరినీ అడక్కుండా నేరుగా వెళ్ళి తీసుకున్నాడు. కూతురికి వాడిందీ అదే, కళ్ళు మండవు. అన్నీ పెట్టెలో సర్ది పంపాడు.

పదిహేను రోజులకు పెట్టె వెనక్కి వచ్చింది. సీళ్ళు తీయలేదు. పైన ఒక చీటీ ఉంది. "వీటిని దేని మీద పరీక్షించారో మీకు తెలుసా?"

మాట నేర్చిన నాటి నుంచీ 'నువ్వు' అని పిలిచిన పిల్ల 'మీరు' అని రాసింది. చీటీ రెండుసార్లు చదివాడు. చదివినవాళ్ళెవరికైనా అది దెప్పిపొడుపని తెలిసిపోతుంది. ఈయనకు మాత్రం తెలియలేదు, లేదా తెలియకూడదనుకున్నాడు. ల్యాబు మనిషి కదా, ప్రశ్న అంటే జవాబు ఉండాలి. కూతురు ఆరేళ్ళ తర్వాత ఒక ప్రశ్న అడిగింది. దానికి తను నిఖార్సైన జవాబు కనుక్కుంటే, ఆ గుమ్మం తొక్కనిస్తుందేమో, పాపను ఒక్కసారి ఎత్తుకోనిస్తుందేమో అనుకున్నాడు. మనిషి ఆశకు అంతకన్నా పెద్ద ఆధారం ఎప్పుడు కావాల్సొచ్చింది కనుక!

తెల్లకాగితాల నోటుబుక్కు ఒకటి తీసి, మొదటి పేజీలో సబ్బు, నూనె, షాంపూ అని ఒకదానికింద ఒకటి రాశాడు. షాంపూను కావాలనే చివర్లో రాశాడు.

ముందు కొన్న కొట్టుకే వెళ్ళాడు. కౌంటరులో అమ్మాయి సబ్బు అట్ట తిప్పి చూపించింది. "ఇదిగో అంకుల్, కుందేలు బొమ్మ ఉందిగా. అంటే జంతువుల మీద టెస్ట్ చెయ్యలేదని."

ఆయన కళ్ళజోడు సవరించుకుని బొమ్మను పరిశీలించాడు. "చెవులు తప్పుగా గీశారమ్మా. ఇంత పైనుంచి రావు. ఇంతకీ ఈ బొమ్మ ఎవరు వేశారు?"

"ఎవరేంటి? కంపెనీవాళ్ళే వేసుకుని ఉంటారు."

"వాళ్ళ అట్ట మీద వాళ్ళే బొమ్మ వేసుకుంటే, అది నిజమని చెప్పేదెవరు?"

"అంకుల్, మీరు సబ్బు కొంటారా, కుందేలు కొంటారా?" అంది ఆ అమ్మాయి. వెనక లైనులో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. బయటికొచ్చాక ఎందుకు నవ్వానా అని సిగ్గుపడ్డాడు.

తర్వాత కంపెనీలకు ఫోన్లు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ ఫోను ముందు కూర్చునేవాడు. ఫోనులో చొక్కా కనిపించదు కదా అని చెప్పడానికి ఇంట్లో మనిషి లేదు. సంగీతం వినిపించి, ఒకటి నొక్కమని, నాలుగు నొక్కమని, మళ్ళీ మొదటికే తెచ్చేవారు. చివరికి సబ్బు కంపెనీ ఒక ఉత్తరం పంపింది. "మేము తయారైన సరుకును జంతువులపై పరీక్షించము" అని అందులో ఉంది.

మామూలు మనిషైతే హమ్మయ్య అనుకునేవాడు. ఈయన 'తయారైన సరుకు' అన్న మాట దగ్గర ఆగిపోయాడు. ల్యాబుకు వచ్చే సీసాల్లో సగానికి పైగా తయారైన సరుకు కానే కాదు, అందులో కలిపే ముడిసరుకు. నురగ రావడానికో, నిలవ ఉండటానికో, వాసనకో వేసేవి. ఆ పరీక్షలు చేయించేది వేరే కంపెనీలు. అబద్ధం ఆడకుండానే అబద్ధం చెప్పడం ఎలాగో ఆ వాక్యం రాసినవాడికి బాగా తెలుసు. ఎనిమిదేళ్ళ బొత్తాం కబుర్లు చెప్పిన మనిషికి ఆ విద్యను గుర్తుపట్టడం కష్టం కాలేదు.

అప్పుడు దొరికింది ఒక నంబరు. అలాంటి పరీక్షలు లేని వస్తువుల జాబితా తయారుచేసే సంఘం ఒకటుంది. మంగళవారం పొద్దున ఎవరైనా ఫోన్ చేసి అడగవచ్చు. ఎత్తింది ఒక నడివయసు గొంతు. ఆయన మనసులో ఆమెకు జాబితావిడ అని పేరు పెట్టుకున్నాడు. ఆవిడ విసుక్కోలేదు. అదే ఆయనకు పెద్ద ఆశ్చర్యం.

"కుందేలు బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చండీ," అంది ఆవిడ. "దాన్ని చూసి నమ్మకండి. బయటి సంఘం ఏదైనా తనిఖీ చేసిందా, ఆ సంఘం జాబితాలో వీళ్ళ పేరు ఇవాళ్టికి ఉందా, అది చూడండి. ముడిసరుకు అమ్మేవాళ్ళ దగ్గర కూడా కాగితం తీసుకున్నారా అని అడగండి. ఏ తేదీ నుంచి మానేశారో అడగండి. ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసిందేమో కూడా అడగాలి."

"కొంచెం నెమ్మదిగా చెప్పమ్మా, రాసుకుంటున్నాను."

"షాపేమైనా పెడుతున్నారా?"

"లేదమ్మా. మనవరాలికి."

"అబ్బ, ఎంత అదృష్టం ఆ పాపది!" అంది ఆవిడ. ఆ మాట ఆయనకు వారమంతా సరిపోయింది.

నిజం చెప్పుకోవాలంటే, నెల తిరిగేసరికి ఆయన మంగళవారం కోసమే బతకడం మొదలుపెట్టాడు. మిగతా ఆరు రోజులూ ఆ ఇంట్లో కుక్కరు కూత తప్ప ఇంకో శబ్దం లేదు. ప్రశ్నలు అయిపోతే కొత్తవి తయారుచేసుకునేవాడు. ఒక్కోసారి జవాబు తెలిసిన ప్రశ్నే అడిగేవాడు. ఆవిడకు ఆ సంగతి తెలిసిపోయిందో ఏమో, ఓపిగ్గా మళ్ళీ చెప్పేది. మనిషి గొంతు కోసం మనిషి ఇన్ని తిప్పలు పడతాడా అంటే, పడతాడు. ఒంటరిగా ఉండి చూడాలి.

రెండు నెలలకు సబ్బు సంగతి తేలింది. బయటి తనిఖీ ఉంది, జాబితాలో పేరుంది, ముడిసరుకు కాగితాలూ ఉన్నాయి. నోటుబుక్కులో 'దొరికింది' అని రాశాడు. నూనె మాత్రం ముప్పుతిప్పలు పెట్టింది. కంపెనీ ఒకసారి లేదంది, ఒకసారి చట్టం తప్పనిసరి చేస్తే తప్ప పరీక్షించమంది, మూడోసారి అసలు జవాబే ఇవ్వలేదు.

"మరి ఏమని రాయమంటావమ్మా?"

"తెలియదు అని రాయండి."

"అయిదు ఉత్తరాలు రాశాక తెలియదని రాయనా?"

"తెలియనిదాన్ని తెలియదని రాయడమే అన్నిటికన్నా కష్టమండీ. మా జాబితాకి ఉన్న విలువంతా అదే."

'తెలియదు' అని రాశాడు. ఇక మిగిలింది షాంపూ. రెండు మంగళవారాలు దాని ఊసెత్తకుండా గడిపాడు. మూడో వారం ఆవిడే అడిగింది.

"షాంపూ ఏదో ఉందన్నారు కదా, పేరు చెప్పండి." ఆయన చెప్పాడు. కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఆఁ, ఉందండీ. పన్నెండేళ్ళ నుంచి మా జాబితాలో ఉంది. అన్నీ సక్రమంగా ఉన్నాయి. నిశ్చింతగా వాడుకోవచ్చు."

"అంతకుముందు?"

"అంతకుముందు సంగతి మేం చూడమండీ. మానేసిన తేదీ నుంచే లెక్క. ఇంకా వెనక్కి వెళ్తే ఏ జాబితాలోనూ ఏదీ మిగలదు."

అక్కడితో ఫోను పెట్టేసి ఉంటే సరిపోయేది. రాసుకోవడానికి జవాబు దొరికింది, అది నిజం కూడా. కానీ కూతురు అడిగింది 'పరీక్షిస్తున్నారా' అని కాదు. 'పరీక్షించారో' అని.

"ఆ ముందు సంగతి నాకు తెలుసమ్మా."

"ఎలా తెలుసు?"

"ల్యాబుకు వచ్చే సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. ఇది ఆరువందల పన్నెండు. నారింజ తొక్క వాసన, అడుగున సన్నగా లవంగం ఘాటు. ఏడాది పోయాక కొట్టులో మూత తీసి వాసన చూడగానే పోల్చుకున్నాను. పరీక్ష చేసినప్పుడు కుందేలును పట్టుకున్నది నేనే."

ఆవిడ, "ఇంకేమైనా వివరాలు కావాలాండీ?" అంది. గొంతులో కోపం లేదు. బ్యాంకు కౌంటరులో మాట్లాడే గొంతు అది. ఏమీ వద్దమ్మా అని ఆయన ఫోను పెట్టేశాడు. తర్వాతి మంగళవారం చేయలేదు. ఆ తర్వాత కూడా చేయలేదు. ఎంత ధైర్యం కూడగట్టుకున్నా మొహం చెల్లలేదు.

జవాబు రాయడానికి ఆయనకు నాలుగు రోజులు పట్టింది. మొదటి కాగితం మీద సబ్బు. ఎవరు తనిఖీ చేశారు, ఏ తేదీ, జాబితా ఎక్కడ చూసుకోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి. రెండో కాగితం మీద నూనె. అయిదు ఉత్తరాలు, మూడు రకాల జవాబులు, చివర 'తెలియదు'. మూడో కాగితం దగ్గర కలం ఆగింది. 'జాబితాలో ఉంది, వాడుకోవచ్చు' అని రాశాడు. అది చించాడు. మళ్ళీ రాశాడు.

"షాంపూ ఇప్పుడు జాబితాలో ఉంది. నువ్వు అడిగింది అది కాదు. దీన్ని పరీక్షించింది బొత్తాం మీద. కుడి కంట్లో వేశారు. నేను పట్టుకున్నాను. నీ చిన్నప్పుడు నీ తలకు రాసింది ఇదే. ఇంతకుమించి నాకు తెలిసింది లేదు."

క్షమించమని రాయాలనుకున్నాడు. కానీ ఆమె అడిగింది అది కాదు కదా అని ఊరుకున్నాడు.

పన్నెండు రోజులకు, మధ్యాహ్నం పూట, ఫోను మోగింది. అల్లుడనుకుని ఎత్తాడు.

"నేను నాన్నా," అంది కూతురు.

ఆయన కుర్చీ కోసం చేత్తో వెతుక్కున్నాడు. కుర్చీ దూరంగా ఉంది. నేల మీదే కూర్చున్నాడు.

"బొత్తాం ఎన్నాళ్ళు బతికింది?"

"ఇరవై ఒక్క రోజులు."

"నేను పేరు పెట్టాకా?"

"నువ్వు పెట్టింది రెండో రోజు. ఆ తర్వాత పంతొమ్మిది."

"కన్ను పోయిందా?"

"లేదమ్మా. కంటికేం కాలేదు. చివరిదాకా తేటగా ఉంది. అది చూసే, మండదని ధైర్యం చేసి నీకు తెచ్చాను."

"కన్ను బాగుంటే మరి దాన్ని ఎందుకు..."

"పరీక్ష అయిపోయాక ఉంచరు. బాగున్నా, బాగోకపోయినా ఒకటే."

"అప్పుడు కూడా నువ్వే పట్టుకున్నావా?"

"నేనే."



"నేను హైస్కూల్లో ఉన్నప్పుడు కూడా చెప్పావు కదా నాన్నా. క్యారెట్టు తినలేదన్నావు. తుమ్మిందన్నావు. దానికి పుట్టినరోజు ఎప్పుడంటే తేదీ కూడా చెప్పావు. ఎందుకు చెప్పావు అన్నేళ్ళు?"

"నువ్వు అడిగేదానివి," అన్నాడు ఆయన.

అంతకన్నా మంచి జవాబు ఉంటే బాగుండేది. అయిదు నెలలు ఊళ్ళో వాళ్ళందరి దగ్గరా నిజం కూపీ లాగిన మనిషికి తన దగ్గరున్న నిజం ఇంతేనని అప్పుడే తెలిసింది. ఆయన ఏడ్చాడు. చప్పుడు బయటికి రాకుండా వంకర వేలును పళ్ళ మధ్య పెట్టుకుని ఏడ్చాడు.

అవతల పాప ఏడుపు మొదలైంది. ఆయన ఆ గొంతు వినడం అదే మొదటిసారి. ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని విన్నాడు.

"స్నానం వేళైంది," అంది కూతురు. "ఆ సబ్బు... నిజంగా నమ్మొచ్చా?"

"నమ్మొచ్చు. కానీ నా మాట మీద నమ్మకు. కాగితంలో నంబరు రాశాను. మంగళవారం చేసి నువ్వే కనుక్కో."

"కనుక్కున్నాను. నీ కూతుర్నని చెప్తే ఆవిడ నీ గురించి అడిగింది. ఫోన్ చెయ్యడం మానేశారేంటని."

ఆయన చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"సబ్బు పంపించు," అంది. "షాంపూ వద్దు."

"నేను... తీసుకురానా అమ్మా?"

పాప ఏడుపు పెద్దదైంది. దాన్ని భుజాన వేసుకున్నట్టుంది, కూతురు గొంతు కాస్త దూరమైంది. "ఇప్పటికి పంపించు చాలు," అంది. ఫోను ఆగిపోయింది.

చాలాసేపటికి ఆయన లేచాడు. వెనక్కి వచ్చిన పెట్టెలోంచి సబ్బు తీసి, కొత్త కాగితంలో చుట్టి, దారం కట్టాడు. తర్వాత నోటుబుక్కు ముందేసుకున్నాడు. ఉత్తరాల్లో ప్రతి మాటనూ పట్టి పట్టి చూడటం అలవాటైపోయింది కదా, కూతురు మాటనూ అలాగే చూశాడు. 'పంపించు చాలు' అంటే రావద్దని. మరి ముందున్న 'ఇప్పటికి' ఏమిటి? తొందరలో నోటికొచ్చిందా, కావాలనే అందా? అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. రేపో మాపో రమ్మంటుందని రాసుకోవాలని చెయ్యి లాగింది. కొత్త పేజీలో 'ఇప్పటికి పంపించు చాలంది' అని రాసుకుని, దాని ఎదురుగా, జాబితావిడ నేర్పినట్టే, 'తెలియదు' అని రాశాడు. తపాలా ఆఫీసు అయిదింటికి మూసేస్తారని చెప్పులేసుకున్నాడు.